‘వద్దు’ అనే బటన్ ఎక్కడ పెట్టారు?

సైబర్ టవర్స్ మొదలుకొని ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా కూర్చుని, మా ఫోన్లలోకి, కంప్యూటర్లలోకి రోజూ ఏదో ఒకటి పంపిస్తున్న సాఫ్ట్‌వేర్ కంపెనీల వారికి,

నమస్కారం.

నేను పద్మారావునగర్‌లో ఉంటాను. హిమాయత్‌నగర్‌లో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పని. పొద్దున వెళ్లిన దగ్గర్నుంచి టాలీ, ఎక్సెల్, జీఎస్టీ పోర్టల్. ఇంజినీరింగ్ చదవలేదు, అమీర్‌పేటలో ఏ కోర్సూ చేయలేదు. అయినా మా అపార్ట్‌మెంట్‌లో ఎవరి ఫోన్ మొండికేసినా, ఎవరి ప్రింటర్ కాగితం మింగేసినా ముందు మా ఇంటి బెల్లే మోగుతుంది. అలా పదిమంది సామాన్లు చూడగా చూడగా నాకంటూ కొన్ని అభిప్రాయాలు ఏర్పడ్డాయి. అవి మీతో చెప్పుకుందామని ఈ ఉత్తరం.

ఒకప్పుడైతే ఇలాంటివి అమెరికాకు రాసుకోవాలి. ఇప్పుడు ఆ ఖర్చు లేదు. మైక్రోసాఫ్ట్ మన ఊళ్లో డెవలప్‌మెంట్ సెంటర్ తెరిచింది 1998లో, సైబర్ టవర్స్ మొదలైందీ ఆ ఏడాదే. తర్వాత గూగుల్ వచ్చింది, ఫేస్‌బుక్ వచ్చింది, యాపిల్ వచ్చింది. అమెజాన్ 2019లో నానక్‌రామ్‌గూడ దగ్గర ఒక ఊరంత భవనమే కట్టుకుంది. మైక్రోసాఫ్ట్‌కు పెద్ద అయిన సత్య నాదెళ్ల, అడోబీని నడిపించిన శంతను నారాయణ్ ఇద్దరూ బేగంపేట పబ్లిక్ స్కూల్ పిల్లలే. సికింద్రాబాద్‌లో బ్లూ లైన్ మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగితే చాలు, చెప్పాల్సిన మాట చెప్పాల్సిన వాళ్ల వాకిట్లోనే చెప్పొచ్చు. కాకపోతే గేటు దగ్గర ఐడీ కార్డు అడుగుతారు గనక ఇలా బహిరంగంగా రాస్తున్నాను.

నేను అడిగేది ఒక్కటే. మేం డబ్బు పెట్టి కొనుక్కున్న వస్తువులో ఏదైనా మార్చాలనుకుంటే ముందు మమ్మల్ని అడగండి. వద్దంటే ఊరుకోండి. రేపొచ్చి మళ్లీ అదే అడక్కండి.

మా రెండో అంతస్తులో ఒక పెద్దమ్మ ఉంది. ఫోన్ బాగానే వాడుతుంది. భజన పాటలు వెతుక్కుంటుంది, కూరగాయల బండి దగ్గర స్కాన్ చేసి డబ్బులు కడుతుంది. మొన్నామధ్య మనవరాలి పుట్టినరోజు ఫొటోలు కరీంనగర్‌లో ఉన్న కూతురికి పంపాలని గ్యాలరీ తెరిస్తే స్క్రీన్ మొత్తం కప్పేస్తూ ఒక పేజీ వచ్చింది. పైన నవ్వుతున్న కుటుంబం బొమ్మ. కింద బొటనవేలంత నీలం బటన్ మీద ‘ఆన్ చేయండి’. దాని కింద, కళ్లజోడు ఉంటే తప్ప కనిపించని బూడిద రంగు అక్షరాల్లో ‘తర్వాత గుర్తు చేయి’. అంతే, మూడోది లేదు. ఆమెకు కావాల్సింది ఫొటోలు, అడ్డం వచ్చింది ఆ పేజీ. నీలం బటన్ నొక్కింది. అప్పటిదాకా తీసిన వీడియోలన్నీ బ్యాకప్ పేరుతో ఇంటర్నెట్‌లోకి ఎక్కడం మొదలుపెట్టాయి. రోజుకు వచ్చే ఒకటిన్నర జీబీ డేటా మధ్యాహ్నానికే హుష్‌కాకి. సాయంత్రం ఫోన్ పట్టుకుని పైకొచ్చింది.

“బిడ్డా, దీనికి వద్దు అని చెప్పాలంటే యాడ ఒత్తాలె?”

“లేదు పెద్దమ్మా, తర్వాత అని చెప్పడమే.”

“గట్లెట్ల? పెళ్లిచూపులల్ల గూడ వద్దనొచ్చు గదా!”

నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే ఆమెకు చెప్పండి, ఇల్లు చూపిస్తాను. ఆ యాప్ పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఈ పని ఒక్కరు చేసేది కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న ఇలాంటి టక్కరి డిజైన్ల మీద మార్గదర్శకాలు ఇచ్చి 13 రకాలను పేరుపేరునా చెప్పింది. అడిగిందే అడిగి విసిగించడం అందులో ఒకటి. బలవంతాన ఏదో ఒకటి చేయించడం ఇంకొకటి. చందా కట్టడం తేలిక, మానడం నరకం అన్నట్టు పెట్టడం మరొకటి. ఆ జాబితా మీ కంపెనీ లీగల్ వాళ్లు చదివే ఉంటారు. బటన్లు గీసేవాళ్లు కూడా ఒకసారి చదివితే బాగుంటుంది.

ఈ ‘తీసేసే వీల్లేకపోవడం’ అనే సంగతి మీద మొన్న దేశమంతా లొల్లి అయింది, గుర్తుండే ఉంటుంది. 2025 నవంబర్ చివర్లో టెలికాం శాఖ కొత్త ఫోన్లన్నింటిలో సంచార్ సాథీ యాప్‌ను ముందే వేసి అమ్మాలని కంపెనీలకు ఆదేశం ఇచ్చింది. జనం ఊరుకోలేదు. డిసెంబర్ 3 నాటికి ఆ ఆదేశం వెనక్కి పోయింది. మంచిదే. నిజానికి ఆ యాప్‌లో పనికొచ్చే సంగతులు ఉన్నాయి. పోయిన ఫోన్‌ను బ్లాక్ చేయొచ్చు, మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసుకోవచ్చు. నేనే చాలామందికి వేసిపెట్టాను. కానీ ఆ వారం ప్రభుత్వాన్ని తిట్టిన వాళ్లలో ఎంతమంది తమ ఫోన్ తెరిచి, కంపెనీ వాడు ముందే వేసి పంపిన యాప్‌లు ఎన్ని ఉన్నాయో, అందులో ‘అన్‌ఇన్‌స్టాల్’ రానివి ఎన్నో చూసుకున్నారు? ప్రభుత్వం చేస్తే పెత్తనం, మీరు చేస్తే ఫీచరా?

ఇక విండోస్ 10 సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టండి.

2015లో అది వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ ఉద్యోగి ఒకరు ‘ఇదే ఆఖరి విండోస్’ అని వేదిక మీదే అన్నారు. ఇక వెర్షన్ల గొడవ లేదని జనం నమ్మారు. 2021 అక్టోబర్‌లో విండోస్ 11 వచ్చింది. దానికి టీపీఎం 2.0 చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం ప్రాసెసర్ నుంచే అన్నారు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు ఉచిత మద్దతు, అంటే రక్షణ అప్‌డేట్లు, ఆపేశారు. టీపీఎం ఎందుకో నాకు తెలుసు. పాస్‌వర్డులు, డిస్క్ తాళాలు ఒక విడి చిప్‌లో భద్రంగా ఉంటే దొంగలకు చిక్కవు. కాదనను. కానీ 2017లో కొన్న కంప్యూటర్ ఇవాళ కూడా టాలీలో బిల్లు కొడుతోంది, ఎక్సెల్‌లో జీతాల పట్టిక వేస్తోంది, వీడియో కాల్ మాట్లాడుతోంది. దానికి రోగం లేదు, వయసు మీద పడలేదు. ఒక జాబితాలో దాని పేరు లేదు, అంతే.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అదే మన సీటీసీకి, మీలో ఎవరైనా ఈ మధ్య వెళ్లారా? వెళ్లి ఏదో ఒక చిన్న షాపు ముందు స్టూలేసుకుని కూర్చోండి. ఒకాయన పాత లాప్‌టాప్ తెస్తాడు. కుర్రాడు దాన్ని బోర్లా పడుకోబెట్టి, అగ్గిపుల్లంత స్క్రూడ్రైవర్‌తో స్క్రూలన్నీ తీసి, అవి దొర్లిపోకుండా అయస్కాంతం ఉన్న డబ్బా మూతలో వేసుకుంటాడు. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెడతాడు, ఖాళీ స్లాట్ ఉంటే ఇంకో ర్యామ్ ముక్క గుచ్చుతాడు. ఫ్యాన్‌లో పేరుకున్న దుమ్ము బ్రష్‌తో దులుపుతాడు. ఆన్ చేస్తే పేపర్ హెడ్‌లైన్లు చదివేంత సేపు తిరిగే మిషన్ రెండు క్షణాల్లో తెరుచుకుంటుంది. తెచ్చినాయన మొహం అప్పుడు చూడాలి. ఇంకో నాలుగేళ్లు ఢోకా లేదనుకుంటూ వెళ్తాడు. ఆ నాలుగేళ్లనే మీరు తీసేసుకున్నారు.

అదనపు రక్షణ ఇస్తున్నాం కదా అంటారు. ఇచ్చారు, 2026 అక్టోబర్ 13 దాకా. డబ్బు కట్టాలి, లేదంటే మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు వెయ్యి ఖర్చు పెట్టాలి, అదీ కాదంటే సెట్టింగులను మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి బ్యాకప్ చేసుకోవాలి. ఇక్కడే ఒక తమాషా ఉంది. యూరప్‌లో వినియోగదారుల సంఘాలు అడిగేసరికి, అక్కడివాళ్లకు ఆ బ్యాకప్ షరతు ఎత్తేశారు. అడిగినవాళ్లకు దొరికింది అన్నమాట. మరి మేమూ అడుగుతున్నాం. గట్టిగానే అడుగుతున్నాం.

సరే, కొత్తది కొందామా అంటే ముహూర్తం కూడా భలే కుదిరింది. 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు రెట్టింపై, ఆపైకి కూడా పోయాయి. కారణం అందరికీ తెలిసిందే. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్‌లు లారీల కొద్దీ కావాలి. ప్రపంచంలో వాటిని పెద్దఎత్తున చేసేది ముఖ్యంగా శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ముగ్గురూ ఎక్కువ లాభం వచ్చే సరుకు వైపే తిరిగారు. మాలాంటివాళ్లకు చిల్లరగా ర్యామ్ అమ్మే క్రూషల్ బ్రాండ్‌నే మూసేస్తున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబర్‌లో చెప్పేసింది. అంటే పాత కంప్యూటర్‌కు ర్యామ్ వేసుకుందామన్నా కష్టమే, కొత్తది కొందామన్నా కష్టమే. కొత్తది కొనమని చెప్పేదీ మీరే, ఆ కొత్తదాన్ని ప్రియం చేసేదీ మీరే. ఈ రెండు మాటలూ ఒకే నెలలో విన్నప్పుడు మాకెలా ఉంటుందో ఊహించుకోండి.

మా ఇంట్లో ఒక పాత లాప్‌టాప్‌లో విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. హాయిగా ఉంది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ సెట్టింగుల్లోనే దొరికింది, అప్‌డేట్ కావాలా అని అడుగుతుంది, వద్దంటే మూల కూర్చుంటుంది. కానీ ఆఫీసులో ఆ పని చేయలేను. టాలీ దాంట్లో నేరుగా నడవదు, టాలీ లేకపోతే మా ఆడిటర్ గారికి తెల్లారదు.

అప్‌డేట్లంటే నాకు పడదని అనుకోకండి. రక్షణ అప్‌డేట్ వాయిదా వేసేవాళ్లతో నేనే పోట్లాడతాను. డిజిటల్ అరెస్టులని, బ్యాంకు ఏపీకే ఫైళ్లని మోసాలు ఎలా పెరిగాయో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసిన ఇళ్లలో అడిగితే చెప్తారు. నా గొడవల్లా ఒకటే మూటలో రెండూ కట్టి పంపడం మీద. తలుపు గడియ బాగుచేయడానికి వచ్చి సోఫా జరిపి పోతే ఎవరు ఊరుకుంటారు? విండోస్ 11 మొదట వచ్చినప్పుడు టాస్క్‌బార్‌ను పైకో పక్కకో జరుపుకునే వీలే తీసేశారు. ఇరవై ఏళ్లుగా దాన్ని పైన పెట్టుకుని పనిచేసిన మనిషి చెయ్యి ఏమైపోవాలి? రక్షణకు సంబంధించింది వేరుగా పంపండి, అడక్కుండానే పంపండి, దండం పెడతాం. కొత్త హంగులు వేరుగా పంపండి, అవి మాత్రం అడిగి పంపండి.

పైగా అందరికీ ఒకేసారి తోసేస్తే ఏమవుతుందో 2024 జులై 19న చూశాం కదా. క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ సాఫ్ట్‌వేర్ నుంచి ఒక తప్పుడు ఫైలు వెళ్లింది. ప్రపంచంలో 85 లక్షల విండోస్ మిషన్లు నీలం స్క్రీన్ చూపించి పడుకున్నాయి. శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసి ఇచ్చారు. అక్కడ సీటు నంబరు చేత్తో రాసిన కాగితం ఫొటో దేశమంతా తిరిగింది. అందరూ నవ్వుకున్నారు. నాకైతే ఆ కాగితం మీద కొంచెం గౌరవమే కలిగింది, దానికి రీస్టార్ట్ అక్కర్లేదు.

ఏఐ గురించి చెప్పకపోతే ఈ ఉత్తరానికి మర్యాద ఉండదు. నేను వాడతాను. నోటీసుకు ఇంగ్లిష్‌లో జవాబు చిత్తుప్రతి రాయడానికి, ఎక్సెల్ ఫార్ములా ఎక్కడ తప్పిందో చూడటానికి బాగా పనికొస్తుంది. మా మామగారు కీబోర్డ్ మైకు నొక్కి తెలుగులో గడగడా మాట్లాడి వాట్సాప్ మెసేజ్ పంపుతారు. చెప్పినదాంట్లో నూటికి తొంభై సరిగ్గానే పడుతుంది. దానికి మీకు నిజంగా చేతులెత్తి మొక్కాలి, టైపింగ్ రాని తరం మొత్తాన్ని మాట్లాడించారు. కానీ నోట్‌ప్యాడ్‌లో ఏఐ ఎందుకండీ? నోట్‌ప్యాడ్ గొప్పదనమే దాంట్లో ఏమీ లేకపోవడం. వాట్సాప్‌లో మెటా ఏఐ గుండ్రటి చక్రం వచ్చి కూర్చుంది, దాన్ని పూర్తిగా పంపించేసే సెట్టింగు లేదు.

ఏఐ ఫ్రీ ఆఫర్లు మరీ జోరు. 2025లో ఎయిర్‌టెల్ సిమ్ ఉంటే పర్‌ప్లెక్సిటీ ప్రో ఏడాది ఫ్రీ, జియో ఉంటే జెమినై ప్రో ఏడాదిన్నర ఫ్రీ, చాట్‌జీపీటీ గో అయితే సిమ్ ఏదైనా ఏడాది ఫ్రీ. మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలంతా మూడూ తీసుకున్నారు. అలవాటు చేసి తర్వాత బిల్లు వేయడం కేబుల్ టీవీ రోజుల్నుంచీ చూస్తున్నదే, కొత్తేం కాదు. ఒక్క ధైర్యం ఏమిటంటే, రిజర్వ్ బ్యాంకు 2021 అక్టోబర్ నుంచి ఒక రూలు పెట్టింది. కార్డు నుంచి చందా దానంతటదే కట్ అయ్యేముందు, కనీసం 24 గంటల ముందు కస్టమర్‌కు చెప్పాలి, వద్దనుకునే దారి చూపాలి. ఆ రూలు వచ్చినప్పుడు వ్యాపారాలు మునిగిపోతాయని ఎంత గోల చేశారు! ఏమీ మునగలేదు. అడిగి తీసుకోవడం అలవాటైంది.

మైక్రోసాఫ్ట్ రీకాల్ విషయంలోనూ అంతే. 2024 మేలో ప్రకటించినప్పుడు, స్క్రీన్ మీద జరిగేదంతా కొన్ని సెకన్లకోసారి ఫొటో తీసి దాచిపెడతామన్నారు. మా ఆఫీసులో స్క్రీన్ మీద ఉండేవి క్లయింట్ల పాన్ నంబర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు. ఆ వార్త చదివి మా ఆడిటర్ గారు “మన కంప్యూటర్లలో ఇది వచ్చిందా?” అని టెన్షన్‌తో నా సీటు దగ్గరికే వచ్చారు. జనం గట్టిగా మాట్లాడాక వెనక్కి తీసుకెళ్లి, ఎవరికి కావాలంటే వాళ్లే ఆన్ చేసుకునేలా మార్చి, 2025 ఏప్రిల్‌లో విడుదల చేశారు. మొదటే అలా చేసుంటే ఏం పోయేది? మీటింగులో కూర్చున్న ఇంతమందిలో ఒక్కరికైనా ‘ముందు అడుగుదాం’ అని తోచలేదా, తోచినా నోరు మెదపలేదా?

స్కైప్ గురించి ఒక్క ముక్క. 2025 మే 5న ఆపేశారు. వ్యాపారం, మీ ఇష్టం. కానీ ఈ ఊళ్లో అమెరికా వెళ్లిన పిల్లల తల్లిదండ్రులు మొదట కంప్యూటర్ ముట్టుకుందే దానికోసం. టీమ్స్‌కు మారండి అని ఒక లింకు ఇచ్చి చేతులు దులుపుకుంటే, ఆ మార్చే పని మాలాంటి ఇరుగుపొరుగు మీద పడింది. అపార్ట్‌మెంట్‌కు ఒకడు జీతం లేకుండా మీ కస్టమర్ కేర్ నడుపుతున్నాడు, ఆ లెక్క మీ పుస్తకాల్లో ఎక్కడా కనిపించదు.

తెలుగు మాటకొస్తే, 2018 ఫిబ్రవరిలో ఒకే ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లు కుప్పకూలాయి. కొద్ది రోజుల్లోనే సరిచేశారు, అందుకు మెచ్చుకోవాలి. కానీ హైదరాబాద్‌లో ఇన్ని ఆఫీసులు పెట్టుకుని, తెలుగు టెస్ట్ చేయడానికి మీ క్యాంటీన్‌లో మనుషులే దొరకలేదా? ఇప్పటికీ కొన్ని యాప్‌లలో ఒత్తులు పక్కకు జారి పడతాయి. బటన్‌లో అక్షరాలు పట్టక సగం తెగిపోతాయి. తెలుగులో పెట్టిన ఫోన్‌ను తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చమని నా దగ్గరికి వచ్చినవాళ్లు ఎందరో.

మంచివి కూడా జరుగుతున్నాయి. యూరప్ చట్టం పుణ్యమా అని ఐఫోన్ కూడా 2023లో టైప్-సీకి వచ్చింది, ఇప్పుడు మా ఇంట్లో ఒకే ఛార్జర్ చాలు. 2027 నుంచి ఫోన్ బ్యాటరీలు జనమే మార్చుకునేలా ఉండాలని అక్కడ ఇంకో నియమం పెట్టారు. మనదగ్గర మరమ్మతు హక్కు కోసం రైట్ టు రిపేర్ పోర్టల్ 2022 డిసెంబర్‌లోనే తెరిచారు గానీ, దాని సంగతి ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో బ్యాటరీలు మార్చే కుర్రాళ్లకు ఇంకా చేరినట్టు లేదు. స్పేర్ పార్టు, దాంతోపాటు విప్పే పద్ధతి చెప్పే కాగితం వాళ్లకూ ఇవ్వండి. వాళ్లు ఎలాగూ విప్పుతారు.

2026 అక్టోబర్ 13కు ముందే విండోస్ 10 రక్షణ గడువు ఇంకో రెండేళ్లు పెంచండి, యూరప్‌కు ఇచ్చినట్టే బ్యాకప్ మెలిక లేకుండా. ప్రతి పాప్-అప్‌లో, నీలం బటన్ ఎంత పెద్దదో అంత పెద్దదిగా ‘వద్దు’ పెట్టండి, నొక్కితే మళ్లీ రాకూడదు. మీ ప్రొడక్ట్ టీముల్లో ఒకరిని నెలకోసారి సీటీసీకి పంపండి, చాయ్ నేను తాగిస్తాను. ఈ ఉత్తరానికి జవాబు రాయాలనిపిస్తే మహదానందం. అది మాత్రం ‘నో-రిప్లై’ అడ్రసు నుంచి పంపకండి. పెద్దమ్మకు ఇంకా అడగాల్సినవి చాలా ఉన్నాయి.

ఇట్లు,
పద్మారావునగర్ నుంచి
ఒక మామూలు కంప్యూటర్ వాడకందారు